షెడ్డు గోడ మీది ఆయిల్ గీతలు

దసరాకు ఇంటికి సున్నం వేయిద్దామని మనిషిని పిలిస్తే, అతను ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, వెనక కారు షెడ్డులోకి పోయి అక్కడే నిలబడిపోయాడు. "అమ్మా, గీ గోడకేమైంది? పిల్లలు ఆయిల్ పూసిండ్రా ఏంది? గోకితే గాని సున్నం పట్టది" అన్నాడు. "గోకినవనుకో, నీ చెయ్యి ఇరుగుతది" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ గోడ సంగతి ఒక్క మాటలో తేలేది కాదు. అతన్ని ముందు గదులు చూసుకోమని పంపి, పదో తరగతి చదివే మనుమరాలిని పిలిచి కూర్చోబెట్టాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా మొరటు మాటను పుస్తకానికి తగ్గట్టు సరిచేస్తానంది. చేయనీ. ఎవరు ఏమన్నారో ఆ మాటల జోలికి మాత్రం పోవద్దని ముందే చెప్పాను. అన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, చదివించుకుని వింటారు.

ఆ గోడ మీద జంటలు జంటలుగా వేలితో గీసిన గీతలు ఉంటాయి. ప్రతి జంటలో ఒకటి నల్లది, ఒకటి తేనె రంగుది. నల్లది ఇంజన్ లోంచి తీసేసిన పాత ఆయిల్, రెండోది పోసిన కొత్త ఆయిల్. మా ఆయన కారుకు ఆయిల్ మార్చిన ప్రతిసారీ చూపుడు వేలితో అలా గీసేవాడు. ఎన్ని జంటలున్నాయో ఒకసారి లెక్కపెడదామని మొదలుపెట్టాను గానీ, మధ్యలో పొయ్యి మీద పాలు పొంగితే వదిలేశాను. ఇప్పుడా గోడ చూస్తే నాకు ఏ గీత ఏ ఏడాదిదో తెలుస్తుంది. కొడుకు పెళ్లి ఏడాది గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే ఆ ఏడు కారు తిరిగిన తిరుగుడు అట్లాంటిది. ఆయన కాలు విరిగి మంచాన పడిన ఏడాది గీతలే లేక జానెడు చోటు ఖాళీగా ఉంటుంది.

మా ఊరు నర్మెట్టకు దగ్గర. మా ఆయన కొన్నాళ్లు వేరేవాళ్ల బండ్లు నడిపి, చివరికి ఎవరో వాడుకుని వదిలేసిన చిన్న తెల్ల కారు ఒకటి తెచ్చాడు. పెళ్లిళ్లకు, వరంగల్ దవాఖానలకు, జనగామ రైలుకు కిరాయికి నడిపేవాడు. కారు తెచ్చిన రోజే ముందు మూత ఎత్తి నన్ను పిలిచాడు. "గిండ్ల నలుగురు ఉన్నరే" అన్నాడు. నేను భయపడి వెనక్కి జరిగాను. ఆయన పగలబడి నవ్వాడు. నలుగురంటే నాలుగు సిలిండర్లట. "మీరు నలుగురు ఆడోళ్లు ఒక్క మడిల నాటేస్తరు గద, ఒకరు లేస్తే ఒకరు వంగుతరు గద, గట్లనే. ఒక్కరు నడుం పట్టుకుని నిలబడ్డరనుకో, మిగిలిన ముగ్గురి పని కుంటువడ్తది. ఆయిలంటే ఏంది? ఆ నలుగురికి అంబలి." నాటు వేసే ఆడదానికి ఇంజన్ గురించి ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు? ఆ రోజు నుంచి కారు మోగుతుంటే నాకు నలుగురు మనుషుల అడుగులే వినబడేవి.

ఆ అంబలి విషయంలో మాత్రం ఆయన చాదస్తం చెప్పనలవి కాదు. పొద్దున లేచి మొహమన్నా కడుక్కోకముందే షెడ్డులోకి పోయేవాడు. ఇంజన్‌కు ఆయిల్ చూసే ఒక సన్నటి ఇనుప పుల్ల ఉంటుంది. దాన్ని లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, మళ్లీ లాగి వెలుతురులో పట్టి చూసేవాడు. పుల్ల మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి నడుమ ఉండాలి. కిందికి పోతే ఇంజన్ ఎండుతుంది, పైకి పోతే పొంగుతుంది. తుడిచే గుడ్డలన్నీ నా పాత చీరలవే. చిరగకముందే పాతవని తీర్పు చెప్పేవాడు. ఒకసారి నన్ను కన్న మా అవ్వ పెట్టిన గళ్ల చీర కొంగు ఆ గుడ్డల్లో కనబడితే, రెండు రోజులు ఆయనకు అన్నం పెట్టి మాట మాత్రం పెట్టలేదు. ఇక ఆయిల్ కొనడం ఇంకో కథ. విడిగా అమ్మే ఆయిల్ ముట్టేవాడు కాదు, మూత విప్పని డబ్బానే తెచ్చేవాడు. ఖాళీ అయిన డబ్బాకు అడుగున మేకుతో రంధ్రాలు పొడిచేవాడు, ఎవరైనా ఏరుకుపోయి నకిలీ ఆయిల్ నింపి అమ్ముతారని. ఆ బొక్క డబ్బాల్లోనే నేను మట్టి నింపి పుదీన వేసుకునేదాన్ని. పాత ఆయిల్ షెడ్డు గుంజలకు పూసేవాడు, చెదలు రాకుండా. ఇంట్లో ఏదీ దండగ పోయేది కాదు, నా చీరలు తప్ప.

కొన్నేళ్లకు షుగర్ వచ్చి ఆయన చూపు మసకబారింది. ఒక పొద్దున పుల్ల పట్టుకుని చాలాసేపు నిలబడి, "నాకు గీత కనవడ్తలేదే, నువ్వు జర చూడు" అన్నాడు. అంత మెల్లగా ఆయన నాతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పుల్ల నా చేతికి వచ్చింది. కారు సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఇంజన్ చల్లారాక చూడాలని, ఆయిల్ నల్లబడితే భయం లేదు గానీ పాల చాయ్ రంగుకు తిరిగితే లోపల నీళ్లు కలిసినట్టని, ముసలి ఇంజన్ వారం వారం కాస్త ఆయిల్ తాగుతుందని, అది దొంగతనం కాదు వయసని, అన్నీ అప్పుడే చెప్పాడు. స్టార్ట్ చేయగానే గుర్రు గుర్రుమనిపించే వాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "నిద్రల నుంచి లేపి మనిషిని పరిగెత్తిస్తరా? ఆయిల్ పైదాక ఎక్కాలె గద" అనేవాడు.

ఆయన పోయి మూడేళ్లయింది. కారు కొడుకు చేతికి వచ్చింది. వాడు బండి బాగా నడుపుతాడు, కాదనను. కానీ నడపడం వేరు, సాకడం వేరు. అందుకని పొద్దున పుల్ల తీసి చూసి, తగ్గితే ఆయిల్ పోసే పని నేనే చేస్తూ వచ్చాను, రెండేళ్లకు పైగా. ఎవరూ ఏమీ అనలేదు. అంతలో ఒక రోజు దేవరుప్పుల కిరాయికి పోయి వస్తూ వెనక టైరు పంక్చర్ అయింది. ఆ రోజు మా పెద్ద ఆడబిడ్డ, అంటే ఆయన అక్క, మా ఇంట్లోనే ఉంది. మరునాడు పొద్దున నేను గుడ్డ పట్టుకుని షెడ్డు వైపు పోతుంటే గడపలోనే ఆపింది.

"పిల్లా, ఏమనుకోకు. బండి కిరాయికి ఎళ్లేటప్పుడు పొద్దుగాల్నే నువ్వు ముందలికొస్తె మంచిగుంటదా? బండి మీద బతికేటోళ్లం. కోడల్ని ఎదురు రమ్మను, ముత్తైదువ."

"పంక్చర్ మేకు గుచ్చుకుంటె అయింది గద వదినె. ఆ మేకు నేను నాటిన్నా?"

"మాటకు మాట అనకు. లోకం రివాజు చెప్పిన."

నేను కొడుకు మొహం చూశాను. వాడు తాళం చెవిని వేలికి తిప్పుకుంటూ నేల చూశాడు. "అవ్వా, అత్తమ్మ అన్నది గూడ ఒక తీరుగ నిజమే గద. నేను చూసుకుంట తియ్" అన్నాడు. అంతే. అంత తేలికగా అయిపోయింది. ఆయన మసక కళ్లతో నా చేతికి ఇచ్చిన పుల్లను వీళ్లు ఒక్క మాటతో లాగేశారు. నేను పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మొగుడు లేనిదానికి ఇంట్లో గొంతు ఎంత ఉందో ముందే కొలుచుకుని మాట్లాడాలని ఎవరు నేర్పుతారో గానీ, అందరం నేర్చుకుంటాం.

అప్పటి నుంచి కోడలు నీళ్ల బిందెతో ఎదురు వచ్చేది. పాపం దాని తప్పేమీ లేదు. సగం నిద్రలో వచ్చి, ఎదురు వచ్చి, మళ్లీ పోయి పడుకునేది. కారు ముందర నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేవి, దసరాకు దండ, కొబ్బరికాయ. అన్నీ పైపైనే. మూత ఎత్తి చూసిన పాపాన ఎవరూ పోలేదు. నేను వంటింట్లో ఉండి చెవులతో కనిపెట్టుకుని ఉండేదాన్ని. మొదట్లో నలుగురూ బాగానే నడిచారు. నాలుగు నెలలయ్యాక, స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు, కాసేపటికి ఆగిపోయేది. తర్వాత ఆగడానికి ఎక్కువసేపు పట్టేది. వెనక గొట్టంలోంచి లేత నీలం పొగ, వాకిట్లో మాడిన ఆయిల్ వాసన. కొడుక్కు చెప్పాను.

"ఆయిల్ చూసినవారా?"

"చూస్త అవ్వా."

"ఎప్పుడు?"

"గిప్పుడే వచ్చిన గద, వేడిగున్నది."

చల్లారాక అడిగితే తొందరలో ఉండేవాడు. ఒకసారి విసుక్కుని, "అవ్వా, నువ్వేమన్న ఇంజనీరువా? ఆయిల్ తక్కువైతె ఎర్ర లైటు అదే వస్తది. బండే చెప్తది" అన్నాడు. బండే చెప్తుందట! ఆ లైటు గురించి కూడా ఆయన నాకు చెప్పాడు. ఆయిల్ తగ్గుతోందని చెప్పడానికి రాదు అది. ఆయిల్ పైకి ఎక్కడం మానేశాక, ఇంజన్ నోరెండిపోయాక వస్తుంది. గడ్డివాము సగం కాలాక కమురు వాసన వచ్చినట్టు. ఇదంతా చెప్పాను. వాడు ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టాడు. బిడ్డల్ని తొమ్మిది నెలలు మోయడం కాదు, వాళ్ల ఊ అనే ఊకొట్టుడు మోయడం కష్టం. ఆయన కారు నా కళ్ల ముందే ఎండిపోతోంది, ఇంటి తిండి ఎండిపోతోంది, నేను మాత్రం గడప ఇవతల నిలబడి శకునం కాకుండా చూసుకోవాలి.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆడబిడ్డ చిన్న కొడుక్కు స్టేషన్ ఘన్‌పూర్‌లో నిశ్చితార్థం కుదిరింది. పిల్లవాడు, మగవాళ్లు వేరే బండిలో ముందే పోయారు. ఆడబిడ్డ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చీర, పండ్ల పళ్లాలతో మా కారులో బయలుదేరారు. ఆ రోజు శకునానికి లోటు లేదు. కోడలు నిండు బిందెతో ఎదురు వచ్చింది. గుడి నుంచి వస్తున్న ఇంకో ముత్తైదువ దానంతటదే ఎదురు వచ్చింది. ఆడబిడ్డ మొహం వెలిగిపోయింది. నేను వెనక వాకిట్లో పుదీన డబ్బాల దగ్గర ఉండి విన్నాను. టిక్కు టిక్కు కాదు ఆ రోజు, టక్కు టక్కు. ముందు గుమ్మం దాకా పరుగెత్తి ఆగిపోయాను. వాళ్ల మంచి పనికి ఎదురు పోయానంటారు. కారు మలుపు తిరిగింది.

గంట కాకముందే కొడుకు ఫోను. "అవ్వా, బండి ఆగింది. నర్మెట్ట దాటి జనగామ తొవ్వల కల్వర్టు కాడ ఉన్నం." అలమారలో ఆయన దాచిన మూత విప్పని ఆయిల్ డబ్బా ఒకటి అలాగే ఉంది. అది సంకన పెట్టుకుని, దొరికిన ఆటో ఎక్కి పోయాను. దారి పొడుగునా ఎన్ని తిట్లు వరుస పెట్టుకున్నానో, ఏది ముందు ఏది వెనక అని కూడా నిర్ణయించుకున్నాను. తీరా అక్కడికి పోయేసరికి, కల్వర్టు గోడ మీద ఆడబిడ్డ పట్టుచీరలో, ఒళ్లో పండ్ల పళ్లెం పెట్టుకుని, నెత్తి మీద ఎండతో కూర్చుని ఉంది. అరటిపండ్లు నల్లబడుతున్నాయి. కొడుకు మూత ఎత్తి పెట్టి లోపలికి చూస్తున్నాడు, అందులో తప్పిపోయిన మనిషిని వెతుకుతున్నట్టు.

నేను నేరుగా కారు దగ్గరికి పోయాను. కొంగుతో పుల్ల తుడిచి, ముంచి, లాగాను. కింది గీత దాకా కూడా లేదు. కొసన కాటుక అంటినంత నలుపు, అంతే. పుల్లను తీసుకుపోయి ఆడబిడ్డ మొహం ముందు పెట్టాను.

"చూసినవా వదినె? బిందె ఎదురొచ్చింది, ముత్తైదువ ఎదురొచ్చింది. ఆయిలొక్కటే ఎవలకు ఎదురు రాలె."

ఆమె పళ్లెంలోని పండ్లు సర్దుకుంది. "ఎండకు నా పానం పోతాంది, ముందుగాల్ల ఏదన్న బండి చూడు పిల్లా" అంది. నేను వచ్చిన ఆటో అక్కడే ఉంది. ముగ్గురినీ పళ్లాలతో సహా అందులోనే ఎక్కించాను. మొగుడు లేనిది దిగిన ఆటోలో ముత్తైదువలు మంచి పనికి పోయారు. ఆ పూట శకునం ఎటు పోయిందో నాకు తెలియదు, వాళ్లూ అడగలేదు. నిశ్చితార్థం మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

వాళ్లు పోగానే కొడుకు నా సంకలోని డబ్బా అందుకోబోయాడు. "ఇటియ్యి అవ్వా, పోసి స్టార్ట్ చేస్త. జనగామ దాక పోతె చాలు." నేను తాళం చెవి లాక్కున్నాను. "సొమ్మసిల్లి పడ్డోని నోట్లె నీళ్లు పోసి, ఎంటనే ఉరుకుమంటవా? ఇంక ఒక్కసారి గూడ తిప్పకు" అన్నాను. వాడు జనగామ మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఆ మెకానిక్ కూడా అదే మాట చెప్పాడు. అప్పుడు గానీ వాడు నమ్మలేదు. దారిన పోయే ట్రాక్టర్‌ను బతిమాలి తాడు కట్టించాం. వాడు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు, నేను ముందు సీట్లో వాడి పక్కన కూర్చున్నాను. ఇంజన్ చప్పుడు లేకుండా ఆ కారులో పోవడం నాకు అదే మొదలు. తాడు బిగుసుకున్నప్పుడల్లా ఒక కుదుపు, మళ్లీ నిశ్శబ్దం. నలుగురిలో ఒక్కరి అడుగు కూడా వినబడలేదు.

"లైటు ఎప్పుడొచ్చింది?" అని అడిగాను.

"నర్మెట్ట దాటంగనే."

"మరెందుకు ఆపలె?"

"మంచి గడియ దాటిపోతదని అత్తమ్మ తొందరవెట్టింది."

వరుస పెట్టుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. వాడే, "బాపు బండి చంపిన అవ్వా" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. జాలి పడితే వాడు ఏడుస్తాడు, వాడు ఏడిస్తే ట్రాక్టర్‌కు గుద్దుతాడు.

జనగామలో మెకానిక్ షెడ్డు స్టేషన్ దగ్గరే. ఆ మెకానిక్ మా ఆయన కంటే పెద్దవాడు, నన్ను చెల్లె అని పిలుస్తాడు. ఇంజన్ దింపి, కింది నుంచి విప్పి, ఇంజన్ ఇరుసు తిరిగే చోట ఉండే, అరిగి రాగి రంగు తేలిన రెండు బేరింగ్ ముక్కలు నా అరచేతిలో పెట్టాడు. ఎండిపోయిన చిక్కుడు తొక్కల్లా ఉన్నాయి. తర్వాత పైమూత విప్పి లోపలికి టార్చి కొట్టి, కొడుకును పిలిచాడు. "చూడు. కింద సూస్తె పాడె మీదున్నది, పైన సూస్తె పెండ్లిపిల్ల లెక్క సాఫున్నది. గింత పాత ఇంజన్ల మడ్డి పేరుకుపోయి ఉండాలె, గీడ చెంచెడు లేదు. ఇంకో రెండు మైళ్లు తోలితె మాత్రం గీ మాట చెప్పకపోదును. షాఫ్ట్ సానవట్టిస్త, బతుకుతది." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మళ్లీ అడిగాడు. "మీ బాపు పోయి మూడేండ్లాయె. ఆయినంక ఎవలు చూసిండ్రు దీన్ని?"

కొడుకు మెల్లగా, "అవ్వ" అన్నాడు.

"మరి గీ నడుమ ఎందుకు చూస్తలేదు?"

మెకానిక్ నా బోసి నుదురు వైపు ఒకసారి చూసి, అర్థమైనట్టు, "గాడ్దులు" అన్నాడు. ఒక్కడినే అన్నాడో, మొత్తం లోకాన్నే అన్నాడో అడగలేదు. ఎవరిని అన్నా సరిపోయింది.

కారు ఇంటికి వచ్చింది. కొత్త బేరింగ్‌లు వేసిన ఇంజన్‌కు మొదటి ఆయిల్ తొందరగా మార్చాలని మెకానిక్ చెప్పి పంపాడు. ఆ రోజు కొడుకు కారు కిందికి దూరి పాత ఆయిల్ దింపి, కొత్తది పోసి, పుల్ల తుడిచి తెచ్చి నా చేతికిచ్చాడు. క్షమించమనలేదు. వాళ్ల నాన్నకూ ఆ మాట రాదు. "గోడ మీద గియ్యి అవ్వా" అన్నాడు. ఆయన పోయాక ఆయిల్ మార్చినా గోడ మీద ఎవరూ గీయలేదు, ఆయన చివరి జంట పక్కన నా వేలితో గీశాను. కొత్తగా సానపట్టిన ఇనుము రాపిడి పొడి కలిసి ఉంటుందట ఆ మొదటి ఆయిల్‌లో, అందుకని ఆ నల్ల గీత ఒక్కటే ఎండ పడితే తళతళమంటుంది. మిగిలిన ఏ గీతకూ ఆ మెరుపు లేదు.

నెల తిరక్కుండానే ఆడబిడ్డ పెళ్లి చీరలకు జనగామ పోవాలని సంచితో దిగింది. కారు వాకిట్లో ఉంది, కొడుకు తాళం చెవితో ఉన్నాడు, కోడలు అలవాటుగా బిందె ఎత్తుకుంది. ఆడబిడ్డ మాత్రం డోరు పట్టుకుని ఎక్కకుండా నిలబడింది.

"ఎక్కు అత్తమ్మా" అన్నాడు కొడుకు.

"ఆగరా. ఏం పిల్లా, ఆయిల్ చూసినవా? నువ్వు చూడకుంట నేనెక్క. మళ్ల కల్వర్టు మీద కూసునే ఓపిక నాకు లేదు."

నేను తొందరపడలేదు. పుల్ల లాగి తుడిచాను, ముంచాను, లాగి వెలుతురులో పట్టి చూశాను. బాగానే ఉంది. అయినా ఇంకోసారి తుడిచి ఇంకోసారి చూశాను. ఎండలో నిలబడ్డ ఆడబిడ్డ చెమట తుడుచుకుంది. ఇంత కాలం నన్ను గడప ఇవతల నిలబెట్టినందుకు అంతకంటే పెద్ద శిక్ష నాకు తోచలేదు.

మనుమరాలు ఇక్కడిదాకా రాసేసరికి సున్నం మనిషి మళ్లీ వచ్చాడు. మూడు గోడలకు వేయి, ఈ గోడ వదిలేయి అన్నాను. అతను తల గోక్కుని, "ఏసినా గీ గీతలు పోవమ్మా. నూనె మరక మీద సున్నం ఆగది, నాలుగు దినాలైతె మళ్ల పైకొస్తది" అన్నాడు. కాలం కూడా ఏడాదికో పూత వేసుకుంటూ పోతుంది. పోనీ. దానికంత ఓపిక ఉంటే, నూనెకు అంతకంటే ఎక్కువే ఉంది.